1950ల నాటి గ్రాండ్ ప్రి ఫలితాల పట్టికను చదివే పద్ధతి

ఆనాటి గ్రాండ్ ప్రి (ఫార్ములా వన్ కార్ల పందెం) పట్టికను ఇప్పటి నిబంధనలతో చదివితే లెక్క కుదరదు కాబట్టి, ఆ ఏడాది పాయింట్ల పద్ధతిని ముందుగా ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. 1956లో మొదటి ఐదు స్థానాలకు వరుసగా 8, 6, 4, 3, 2 పాయింట్లు, అత్యంత వేగవంతమైన ల్యాప్‌కు (ట్రాక్ చుట్టూ ఒక చుట్టు) మరొకటి ఇచ్చేవారు. ఒకే కారును ఇద్దరు నడిపితే దాని పాయింట్లను చెరిసగం పంచేవారు. సీజన్ ముగిశాక ఒక్కొక్క డ్రైవర్‌కు ఐదు ఉత్తమ ఫలితాలనే పరిగణించేవారు.

ఆ ఏడాది సెప్టెంబరు 2న మోంజాలో జరిగిన ఇటలీ గ్రాండ్ ప్రి పట్టికను తీసుకుందాం. పేర్ల జోలికి పోకముందు కారు నంబర్లు చూడాలి. ఫెరారీ జట్టు డ్రైవర్ ఫాంజియో పేరు రెండో స్థానంలో 26వ నంబరు ఫెరారీకి ఎదురుగా సహచర డ్రైవర్ కాలిన్స్‌తో కలిసి, ఎనిమిదో స్థానంలో 22వ నంబరు ఫెరారీకి ఎదురుగా మరో సహచరుడు కాస్టెలోటీతో కలిసి కనిపిస్తుంది. ఇది అచ్చుతప్పు కాదు. ఫాంజియో నడుపుతున్న 22వ నంబరు కారుకు స్టీరింగ్ చెడిపోగా, మరమ్మతు తర్వాత దానిని కాస్టెలోటీ నడిపాడు. పిట్‌లో (ట్రాక్ పక్కన కార్లను ఆపి సరిచేసే చోట) ఆగిన కాలిన్స్ తన కారును ఫాంజియోకు ఇచ్చేశాడు.

తర్వాత సమయాల వరుస. మజరాటీలో గెలిచిన స్టిర్లింగ్ మాస్ 50 ల్యాప్‌లు, అంటే 500 కిలోమీటర్లు పూర్తి చేయగా, రెండో కారు 5.7 సెకన్లు వెనుకబడింది. మూడో స్థానంలో ఉన్న ఫ్లాక్‌హార్ట్‌కు 49 ల్యాప్‌లే కనిపించినంత మాత్రాన అతడు మధ్యలో తప్పుకున్నట్టు కాదు, ఒక ల్యాప్ వెనుక ఉన్నాడని అర్థం.

అసలు చిక్కు సీజన్ మొత్తంలో ఉంది. ఫాంజియోకు ఎదురుగా 30, కుండలీకరణాల్లో 33 ఉంటుంది. అతడికి వచ్చినవి 5, 4, 4, 8, 9, 3. వీటిలో ఐదింటినే తీసుకోవాలి కాబట్టి మోంజాలో సగం వాటాగా వచ్చిన 3 కొట్టివేయబడింది. కాలిన్స్ కారు ఇవ్వడం వల్లనే ఫాంజియోకు ఛాంపియన్‌షిప్‌కు కావలసిన పాయింట్లు దక్కాయని అనుకునేవారు ఈ కూడిక ఒకసారి వేసి చూడాలి. మోంజాకు ముందు 22 పాయింట్లున్న కాలిన్స్, అక్కడ గెలుపుతో పాటు వేగవంతమైన ల్యాప్ కూడా సాధించి ఉంటే ఫాంజియో 30ని దాటి 31కి చేరేవాడు. అతడు వదులుకున్నది ఆ అవకాశాన్ని. నా దృష్టిలో అదే పెద్ద త్యాగం.

పాయింట్లలో భిన్నాలు కనిపిస్తే కంగారు పడనక్కరలేదు. 1954లో బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో సమయాన్ని పూర్తి సెకన్లలోనే నమోదు చేయడంతో ఏడుగురికి ఒకే వేగవంతమైన ల్యాప్ సమయం వచ్చింది. ఒక్క పాయింటును ఏడు భాగాలు చేశారు. 1958 నుంచి మాత్రం పంచుకున్న కార్లకు పాయింట్లు లేవు.