ఇంట్లో చిన్న స్టీరియో సెట్ సరిగ్గా పెట్టుకోవడం ఎలా?

మా ఇంటికి చిన్న స్టీరియో సెట్ వచ్చాక ఆరు నెలలు దాన్ని తప్పుగానే విన్నాం. బిగించడానికి వచ్చిన కుర్రాడు ఒక స్పీకరు బాక్సుకు వైర్లు తారుమారుగా కలిపి వెళ్లిపోయాడు. పాట వస్తోంది, సౌండ్ కూడా పెద్దగానే ఉంది. కానీ మృదంగానికి బరువు లేదు. గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియదు. సెట్టే అంతేమో అనుకుని బాస్ పెంచుకుంటూ పోయాం. ఒకరోజు వెనక దుమ్ము దులుపుతుంటే ఎరుపు, నలుపు తేడాగా ఉన్నట్టు కంటపడింది. ఆ రెండు వైర్లూ అటుది ఇటు మార్చి మళ్లీ పాట పెట్టాను. ఘంటసాల గొంతు వచ్చి సరిగ్గా రెండు బాక్సుల నడుమ, ఏమీ లేని ఖాళీ గోడ ముందు నిలబడింది. వంటింట్లోంచి అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏం మార్చావురా?" అంది.

స్టీరియో అంటే ఇదేనని నాకు ఆ రోజు తెలిసింది. బాక్సు లేని చోటు నుంచి పాట వినిపించాలి. దానికి ఖరీదైన సెట్ అక్కర్లేదు. ఒక సెట్, రెండు విడి బాక్సులు ఉన్న మామూలు మైక్రో సిస్టమ్ చాలు. ఒక ఆదివారం పూట ఓపిగ్గా కూర్చుంటే పని అయిపోతుంది.

ప్లగ్గు పెట్టే ముందు

సెట్ వెనక వోల్టేజీ రాసి ఉంటుంది. అది చదవందే ప్లగ్గు పెట్టొద్దు. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. కోనసీమలో, భీమవరం వైపు చాలా ఇళ్ల పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటారు, వస్తూ వస్తూ సెట్ తెస్తారు. అమెరికా సెట్ మీద 120 అని మాత్రమే ఉంటే నేరుగా పెట్టగానే కాలిపోతుంది. దానికి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 100-240 అని ఉంటే టెన్షన్ లేదు. వోల్టేజీ మార్చే చిన్న స్విచ్ ఉంటే 220-240 వైపు జరపండి. గల్ఫ్ నుంచి వచ్చిన వాటికి పిన్నులు పలకగా ఉంటాయి. వాటికి అడాప్టర్ కొనండి, పుల్లలు దోపి సాకెట్‌లోకి నెట్టొద్దు.

సీడీ ఉన్న కొన్ని సెట్లలో ప్రయాణంలో లెన్సు కదలకుండా ఒక అట్టముక్కో స్క్రూనో పెడతారు. ముందు దాన్ని తీసేయండి. అన్ని వైర్లూ కలిపాకే, అన్నిటికంటే చివర్లో, ప్లగ్గు గోడకు పెట్టాలి. ఈ వరస తప్పొద్దు.

చోటు చూసుకోవడం

సగం సౌండ్ గది చేతిలోనే ఉంటుంది. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్టు గట్టిగా కొట్టండి. పాత పెంకుటింట్లో అయితే చప్పుడు అక్కడికక్కడే ఆగిపోతుంది. పైన పెంకు, దూలాలు, వాసాలు, ఎక్కడికక్కడ ఎగుడుదిగుడులే. శబ్దం వాటిలో చెదిరిపోతుంది. కొత్త స్లాబ్ ఇంట్లో, కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు ఉన్న హాల్లో అదే చప్పట్టు గణగణమంటుంది. ఆ గణగణ పాటలోని ప్రతి మాట మీదా పడుతుంది. కాబట్టి అలాంటి హాల్లో మీకూ బాక్సులకూ మధ్య నేల మీద ఏదైనా పరవాలి. బొంత, జంపఖానా, మన కొబ్బరిపీచు మ్యాట్ ఏదైనా పనికొస్తుంది. కిటికీలకు మందపాటి కర్టెన్లు వేయండి. మళ్లీ చప్పట్టు కొట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడొక పురికొస తీసుకోండి. రెండు బాక్సుల మధ్య దూరం దాంతో కొలవండి. ఆరడుగులు ఉంటే బాగుంటుంది, చిన్న గదైతే నాలుగైదు అడుగులైనా పర్వాలేదు. అదే పురికొసతో ఒక్కో బాక్సు నుంచి మీరు కూర్చునే చోటుకు కొలవండి. మూడు కొలతలూ ఇంచుమించు సమానంగా రావాలి. ఒక బాక్సు ఫ్రిజ్ మీద, ఇంకోటి టీవీ పక్కన స్టూలు మీద పెట్టే ఇళ్లు చాలా చూశాను. అలా పెడితే రెండు బాక్సులున్నా ఒకటే పాడినట్టు ఉంటుంది. దగ్గరున్నదే పాటను లాక్కుపోతుంది.

ఎత్తు కూడా చూడాలి. బాక్సులో పైన ఉండే చిన్న స్పీకరు మీ చెవి ఎత్తుకు రావాలి. మా నాన్నగారు పడక కుర్చీలో కూర్చుని వింటారు, కాబట్టి మా బాక్సులు కిందికే ఉంటాయి. మీరు చాప మీద కూర్చుని వినేవాళ్లైతే పొట్టి బల్ల చాలు. రెండు బాక్సులనూ కొంచెం మీ వైపు తిప్పండి. వెనక గోడకు కనీసం ఒక అడుగు వదలండి. మూలలోకి నెడితే బాస్ గుంయ్‌మని పేరుకుపోయి మాటలు మునిగిపోతాయి. బాక్సుల కింద నాలుగు మూలలా పాత సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టండి. అవి లేకపోతే బల్ల కూడా పాటతోపాటు అదురుతుంది. అద్దాల బీరువా మీద పెడితే లోపలి గ్లాసులు తాళం వేస్తాయి.

సెట్ పైనా, వెనకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. మా ఇంట్లో సెట్ మీద నరసాపురం లేసు గుడ్డ కప్పుతుంది అమ్మ. దుమ్ము పడకుండా మంచిదే, చూడ్డానికీ బాగుంటుంది. కానీ సెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ గుడ్డ తీసేసి ఉండాలి. పైన ఉన్న సన్నటి గాట్లలోంచే లోపలి వేడి బయటికి పోతుంది.

బాక్సుల వైర్లు కలపడం

ఇక్కడ తొందరపడొద్దు. సెట్‌కు ఎదురుగా నిలబడితే మీ కుడిచేతి వైపుది కుడి బాక్సు. వెనక ఇంగ్లీషులో ఆర్ అని ఉన్న చోట దాని వైరు పెట్టాలి, ఎల్ అని ఉన్న చోట ఎడమది.

వైరు కొస తొక్క ఒక సెంటీమీటరు మేర తీయండి. లోపల వెంట్రుకల్లాంటి రాగి పోగులు ఉంటాయి. వాటిని బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి దీపానికి వత్తి చేసినట్టు ఒకే వైపుకు పురి పెట్టండి. ఒక్క పోగు కూడా విడిగా లేచి ఉండకూడదు. ఆ ఒక్క పోగు పక్క వైరుకు తగిలితే షార్ట్ అయి సెట్ లోపలి యాంప్లిఫయర్ పోతుంది. సెట్ వెనక క్లిప్ నొక్కి, పురిపెట్టిన కొసను లోపలికి దూర్చి, క్లిప్ వదలండి. మెల్లగా లాగి చూడండి. ఊడి రాకూడదు, అలాగని తొక్క మీద బిగుసుకుని ఉండకూడదు. క్లిప్ పట్టుకోవాల్సింది రాగిని.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు. వైర్లకు రంగు లేకపోతే ఒకదాని మీద సన్నటి గీతో, రాతో ఉంటుంది. దాన్ని ఎరుపుగా లెక్కపెట్టుకుని రెండు బాక్సులకూ అదే పాటించండి. వైరు సెట్ దగ్గర ఉన్నట్టే బాక్సు దగ్గరా ఉండాలి.

పాత బాక్సులకు గుర్తులన్నీ చెరిగిపోయి ఉంటే ఒక ఉపాయం ఉంది. బాక్సును సెట్ నుంచి పూర్తిగా ఊడదీసి, గోడగడియారంలో వేసే 1.5 వోల్టుల బ్యాటరీ తీసుకోండి. బాక్సు నుంచి వచ్చే రెండు వైర్లను బ్యాటరీ రెండు కొసలకు ఒక్క క్షణం తాకించండి. టప్పుమని చప్పుడు వస్తుంది. ఆ క్షణంలో పెద్ద స్పీకరు అట్ట ముందుకు వస్తే, బ్యాటరీ ప్లస్ వైపు తాకిన వైరు ఎరుపు. వెనక్కి పోతే అది నలుపు. తాకించి తీసేయాలి, పట్టుకుని ఉండకూడదు.

ఇంకొక మాట. వంటింట్లో ఒకటి, అరుగు మీద ఒకటి అని అదే క్లిప్పులకు అదనపు బాక్సులు తగిలించొద్దు. సెట్ వెనక 6 ఓమ్స్ అని ఉందనుకోండి. ఓమ్స్ అంటే కరెంటుకు బాక్సు ఇచ్చే అడ్డు. అలాంటివి రెండు ఒకే క్లిప్పుకు కలిపితే 3 ఓమ్స్ అవుతుంది. సెట్ మీద మోయలేని భారం పడి వేడెక్కి పోతుంది. బాక్సు మార్చాల్సి వచ్చినా అక్కడ రాసిన ఓమ్స్ కంటే తక్కువది కొనొద్దు.

గొంతు మధ్యలో ఉందా?

ఇప్పుడు ప్లగ్గు పెట్టి, వాల్యూమ్ బాగా తగ్గించి ఆన్ చేయండి. బాస్ బూస్ట్ లాంటివన్నీ ఆపేసి, టోన్ సున్నాలో ఉంచండి. పరీక్షకు పాత పాటే పెట్టండి. ఘంటసాల పాడిన రోజుల సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులు. అంటే రెండు బాక్సుల్లోనూ అచ్చంగా ఒకే శబ్దం వస్తుంది. అందుకే గొంతు కచ్చితంగా నడుమ వినిపించి తీరాలి. కళ్లు మూసుకుని, గొంతు ఎక్కడుందో చేత్తో చూపించండి. చెయ్యి ఖాళీ గోడ వైపు ఉంటే అంతా సవ్యంగా ఉన్నట్టే.

గొంతు ఎటూ తేలకుండా తల చుట్టూ పరుచుకుని, బాస్ పల్చగా ఉంటే ఒక బాక్సుకు వైర్లు తిరగబడ్డాయి. సెట్ ఆపి ఒక్క బాక్సువే మార్చండి. రెండిటివీ మారిస్తే ఏమీ మారదు. గొంతు ఒక పక్కకు లాగినట్టుంటే ముందు బ్యాలెన్స్ సున్నాలో ఉందో లేదో చూడండి, తర్వాత పురికొసతో మళ్లీ కొలవండి. ఆ తర్వాత కొత్త స్టీరియో పాట పెట్టండి. వయొలిన్లు ఒక పక్క, తబలా ఒక పక్క విడివిడిగా వినిపిస్తాయి. టోన్ మార్చాలనిపిస్తే అప్పుడు, అదీ ఒకటి రెండు గీతలు మాత్రమే.

రేడియో

ఎఫ్ఎమ్‌కు ఇచ్చే సన్నటి వైరును చుట్ట చుట్టి సెట్ వెనక పడేయొద్దు. ఎఫ్ఎమ్ తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. అందులో పావు వంతు, అంటే 75 సెంటీమీటర్లయినా వైరు సాగి ఉండాలి. కిటికీ పక్కన నిలువుగా గోడకు టేపు వేసి అంటించండి. కాస్త అటూ ఇటూ జరిపితే ఏ చోట బాగా అందుతుందో తెలుస్తుంది. అప్పటికీ స్టేషన్ దూరమై బుసబుసమంటుంటే మోనో బటన్ నొక్కండి, చాలావరకు సద్దుమణుగుతుంది.

మీడియం వేవ్‌కు చట్రంలాంటి చిన్న యాంటెనా ఇస్తారు. అది దిక్కును బట్టి పనిచేస్తుంది. స్టేషన్ పెట్టి, దాన్ని మెల్లగా తిప్పుతూ వినండి. ఒక దిక్కున గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది. ఎల్ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్లు దగ్గర ఉంటే గరగర తప్పదు, వాటిని ఆపి చూడండి. విజయవాడ ఆకాశవాణి అంటే మా చెవుల్లో 837 కిలోహెర్ట్జ్ అనే మోగుతుంది. విశాఖ 927. రెండూ 9తో భాగిస్తే నిశ్శేషంగా పోతాయి, ఎందుకంటే మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్లు 9 కిలోహెర్ట్జ్ ఎడంలో ఉంటాయి. అమెరికాలో ఆ ఎడం 10. అక్కడి సెట్ 830 నుంచి 840కి దూకుతుంది, 837 మీద ఆగనే ఆగదు. సెట్ పాడైందని అనుకోవద్దు. ఆ ఎడాన్ని 9కి మార్చే వీలు చాలా సెట్లలో ఉంటుంది, పుస్తకంలో చూడండి.

1948లో మొదలైన ఆ విజయవాడ కేంద్రంలోనే, మన కోనసీమ శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు పనిచేశారు. భక్తిరంజనిలో ఆయన గొంతు వింటూ పెరిగిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే రేడియోను ప్రీసెట్ ఒకటో నంబరులో పెట్టివ్వండి. బటన్లు వెతుక్కోవడం వాళ్లకు కష్టం.

ఫోన్, పెన్ డ్రైవ్, టీవీ

బ్లూటూత్‌కు సెట్‌ను ఆ మోడ్‌లోకి మార్చి, పెయిరింగ్ బటన్‌ను లైటు మిణుకుమనేదాకా నొక్కి పట్టుకోండి. ఫోన్‌లో సెట్ పేరు కనబడగానే ఎంచుకోండి. కలవకపోతే ఇంట్లో ఇంకెవరి ఫోనో ముందే దానికి కలిసి ఉందేమో చూడండి, మా ఇంట్లో తొంభై పాళ్లు అదే కారణం. ఫోన్ వాల్యూమ్ ముప్పాతిక పైన ఉంచి, పెంచడం తగ్గించడం సెట్ దగ్గర చేయండి.

పెన్ డ్రైవ్ 32 జీబీ లోపుది, ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసినది అయితే దాదాపు ఏ సెట్ అయినా చదువుతుంది. తెలుగులో రాసిన ఫైలు పేర్లు డిస్‌ప్లే మీద చుక్కలుగా వస్తాయి. ఫైళ్లకు 01, 02 అని నంబర్లు ఇచ్చి, అదే వరసలో కాపీ చేయండి.

టీవీకి కలిపాక గుమ్‌మని సన్నటి రొద వస్తే, టీవీకి వచ్చే కేబుల్ వైరు ఊడదీసి చూడండి. రొద ఆగితే తప్పు సెట్‌ది కాదు, ఆ వైరు దారిది. రెండిటికీ ఆప్టికల్ సాకెట్ ఉంటే ఆ కేబుల్‌తో కలపండి, రొద పోతుంది.

మన గాలి, మన కరెంటు

ఉరుములు వినపడగానే స్విచ్ కట్టడం కాదు, ప్లగ్గే ఊడబీకాలి. టీవీ కేబుల్ కూడా. తుపాను తర్వాత కరెంటు వచ్చిన వెంటనే సెట్ పెట్టొద్దు, లైట్లు నిలకడగా వెలిగేదాకా ఆగండి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే పాటలో రొద కలుస్తుంది. లంక గ్రామాలవాళ్లు వరద కబురు రాగానే బాక్సులను కూడా అటకెక్కించండి. చెక్కపొట్టుతో చేసిన ఆ పెట్టెలు ఒక్కసారి తడిస్తే ఉబ్బి పోతాయి.

వానాకాలంలో రోజూ ఓ అరగంటైనా సెట్ ఆన్ చేసి ఉంచండి. లోపలి వెచ్చదనానికి చెమ్మ ఆరుతుంది. ఆ వెచ్చదనానికే బల్లులు కూడా చేరతాయి, బోర్డు మీద అడ్డంగా పడి షార్ట్ చేస్తాయి. ప్లగ్గు తీసి ఉంచినప్పుడు లేసు గుడ్డ కప్పడం అందుకు కూడా మంచిది.

అంతర్వేది, ఓడలరేవు లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి రాగి కొసలు పచ్చగా చిలుము పడతాయి. సౌండ్ ఒక పక్క వస్తూ పోతూ ఉంటే మొదటి అనుమానం ఆ కొస మీదే పడాలి. ఏటా వానలు వెళ్లాక, కార్తీకంలో, ప్లగ్గు తీసి నాలుగు కొసలనూ ఒక అంగుళం కత్తిరించి, కొత్తగా తొక్క తీసి పురిపెట్టి మళ్లీ బిగించండి. అందుకే వైరు కొనేటప్పుడే కొలతకు రెండడుగులు ఎక్కువ తీసుకోండి.