బుకారెస్టులో చౌషెస్కూ కట్టించిన మహాభవనాన్ని ఎలా చూడాలి?

రొమేనియా పార్లమెంటు ప్యాలెస్ వైశాల్యం 3,65,000 చదరపు మీటర్లు, ఎత్తు 84 మీటర్లు. ఈ అంకెల దగ్గరే ఆగిపోతే, నియంత నికొలాయ్ చౌషెస్కూ మనం ఎలా చూడాలని కోరుకున్నాడో అలాగే చూసినట్టు. అందుకే ముందు ఆ కట్టడం కోసం ఊరు పోగొట్టుకున్నదాన్ని చూసి, ఆ తరువాతే లోపలికి వెళ్లమంటాను.

మొదటి పని, సందర్శన సమయాన్ని ముందుగా ఫోనులో ఖరారు చేసుకోవడం. లోపల సొంతంగా తిరగనివ్వరు, గైడ్ వెంటే నడవాలి. అసలు పాస్‌పోర్టు దగ్గర ఉంచుకోండి, జిరాక్సు కాపీని నమ్ముకోవద్దు. పార్లమెంటు ఉభయ సభలూ ఇప్పుడు ఇక్కడే ఉన్నాయి కాబట్టి వేళలు మారవచ్చు. ఆ పూట మరో పని పెట్టుకోకండి.

ఆ రోజు కాస్త ముందుగా బయలుదేరి ఇజ్వోర్ మెట్రో స్టేషన్‌లో దిగండి. ప్యాలెస్ అక్కడి నుంచే కనిపిస్తుంది, అయినా అటు వెళ్లకండి. దగ్గరలోనే, అపార్టుమెంట్ల వెనక నక్కినట్టు మిహాయ్ వోదా చర్చి ఉంటుంది. 16వ శతాబ్దంలో కొండ మీద కట్టిన చర్చి అది. 1985లో దాన్ని పట్టాల మీద దాదాపు 290 మీటర్లు జరిపి ఇక్కడికి తెచ్చారు. చుట్టూ ఉన్న మఠం భవనాలను మాత్రం కూల్చేశారు. 1977 మార్చి 4న వచ్చిన భూకంపం నగరాన్ని దెబ్బతీసింది. కొత్త నగర కేంద్రం కట్టాలన్న చౌషెస్కూ ఆలోచనకు అది సాకుగా దొరికింది. యురానస్ అనే పాత పేట నేలమట్టమైంది. వేలాది కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. చర్చికైతే పట్టాలు వేశారు, ఆ ఇళ్లకు ఎవరు వేస్తారు? అక్కడ ఓ పావుగంట నిలబడండి.

తరువాత ఉనిరి బులవార్డు మీదికి వచ్చి భవనాన్ని ఎదురుగా చూడండి. ఫొటోలకు ఇదే మంచి చోటు.

ఇక లోపలికి. భద్రతా తనిఖీ అయ్యాక పాలరాతి మెట్లు, భారీ షాండ్లియర్లు, తివాచీలు వరుసగా ఎదురవుతాయి. అందమైన పనితనమే, కాదనను. కానీ ఈ నిర్మాణం 1984లో మొదలైన సంగతి మరిచిపోకండి. విదేశీ అప్పు తీర్చడానికి ఆహారాన్ని ఎగుమతి చేస్తూ, జనానికి రొట్టెను రేషన్ మీద ఇస్తున్న రోజులవి. చలికాలంలో ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికీ కోతలే. కూలీలతో పాటు సైనికులూ ఇక్కడ చెమటోడ్చారు. 1989 డిసెంబరు 25న చౌషెస్కూను కాల్చి చంపేనాటికి పని పూర్తికాలేదు. ఇంత జరిగినా దీనికి స్థిరపడిన పేరు ‘ప్రజల ఇల్లు’. బుకారెస్టు వాసులు చాలామంది నేటికీ అలాగే పిలుస్తారు.

గదులు చాలా పెద్దవి, నడక ఎక్కువ. మెత్తని బూట్లు వేసుకోండి. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని గైడ్ అడిగితే, మీరు నిలబడిన చోట ఒకప్పుడు ఏ వీధి ఉండేదో అడగండి.