బిగుసుకుపోయిన డ్రెయిన్ బోల్టును ఊడదీయడం ఎలా?

మొన్న బైకుకి ఇంజిన్ ఆయిల్ మారుద్దామని కూర్చుంటే కింద పాత ఆయిల్ వదలడానికుండే డ్రెయిన్ బోల్టు కదిలితే ఒట్టు. అంతకుముందు సర్వీసు చేసినవాళ్లు పానాకి పైపు తొడిగి మరీ బిగించినట్టున్నారు. ఇలాంటప్పుడు మనమూ బలం చూపించాలనుకుంటాం. కానీ బోల్టు ఉక్కుది, ఇంజిన్ కేసు అల్యూమినియంది. బోల్టు పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. కేసులో మరలు పోతే లేత్ షాపు చుట్టూ తిరగాలి.

1. ముందు ఎటు తిప్పాలో తేల్చుకోండి. బోల్టు తలను ఎదురుగా చూస్తే, గడియారం ముల్లు తిరిగే దిక్కుకి ఎదురు తిప్పాలి. కానీ బోల్టు తల నేలవైపు ఉంటుంది, మనం పైనుంచి వంగి పానా తిప్పుతాం. దాంతో దిక్కు తారుమారవుతుంది. వదులు చేస్తున్నాననుకుని నేనూ ఒకసారి ఇంకా బిగించాను! అనుమానముంటే కింద పడుకుని చూడండి.

2. ఇంజిన్‌ని మూడు నాలుగు నిమిషాలు నడిపి ఆపేయండి. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది, పట్టు కొంచెం సడలుతుంది. మరీ వేడెక్కితే కారే ఆయిల్‌తో చెయ్యి కాలుతుంది. గ్యాస్ మంట మాత్రం పెట్టకండి, పైనే పెట్రోలు ట్యాంకు ఉంది.

3. బోల్టు తల మీది మట్టి గీకి, ఆరు మూలల సాకెట్ పూర్తిగా కూర్చోబెట్టండి. పన్నెండు మూలలది, ఎడ్జస్టబుల్ స్పానర్ వద్దు. అవి జారి తలను గుండ్రం చేసేస్తాయి.

4. తుప్పు కనిపిస్తే డబ్ల్యూడీ-40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే కొట్టి కాసేపు వదిలేయండి. తుప్పు లేకుండా ఉత్త బిగుతే అయితే దానివల్ల పెద్ద లాభముండదు.

5. బండిని మెయిన్ స్టాండు వేసి ఒకరిని పట్టుకోమనండి. పొడుగు పిడి తగిలించి, ఒక చేత్తో సాకెట్ జారకుండా అదిమి, పిడి చివర రబ్బరు సుత్తితో పొట్టి దెబ్బ వేయండి. మెల్లగా లాగితే రానిది చాలాసార్లు ఈ కుదుపుకి టక్కున వదులుతుంది. నాదీ అలాగే వచ్చింది.

సాకెట్ జారడం మొదలైతే వెంటనే ఆపండి. తలను గ్రిప్ ప్లయర్‌తో గట్టిగా పట్టి చూడండి. అదీ కుదరకపోతే వెల్డింగ్ తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లండి. తల మీద నట్టు అతికించి తిప్పుతారు. ఆ వేడి కూడా పనికొస్తుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ వైర్లు తీయించడం మరవకండి. కేసు మరలు పోయి ఉంటే హెలికాయిల్ (పోయిన మరల చోట కూర్చోబెట్టే తీగచుట్ట) వేయిస్తే చాలు, కేసు మార్చక్కర్లేదు.

6. తిరిగి పెట్టేటప్పుడు కొత్త వాషర్ వేసి, బోల్టును ముందు వేళ్లతోనే తిప్పండి. చివర్లో టార్క్ రెంచ్ (ఎంత బిగించామో కొలిచే పానా) వాడండి. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. అక్కడ 25 న్యూటన్ మీటర్లని ఉందనుకోండి, పావు మీటరు పిడి చివర పది కిలోల బరువు వేసినంత. పైపు అక్కర్లేదు.

కొత్త ఆయిల్ పోశాక కాసేపు ఇంజిన్ నడిపి, కింద అట్ట ముక్క పరిచి చుక్క పడుతుందేమో చూడండి.