అల్లాయ్ రిమ్ముకు పట్టిన జిగురు వదిలించాలంటే

పర్లాకిమిడిలో మాది మందుల షాపు. స్టాకు కోసం అప్పుడప్పుడూ నేనే కారు వేసుకుని శ్రీకాకుళం వెళ్లొస్తుంటాను. పోయిన వేసవిలో టెక్కలి దగ్గర హైవే ఎక్కి 80 దాటేసరికి స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. 60కి తగ్గిస్తే ఏమీ లేదు. తిరుగు ప్రయాణంలో పాతపట్నంలో ఆపితే, టైర్ల షాపు కుర్రాడు చక్రం లోపలికి టార్చి వేసి చూసి, "వెయిట్లు ఊడిపోయాయప్పా, జిగురే మిగిలింది" అన్నాడు.

చక్రం వణక్కుండా తిరగడానికి చుట్టూ బరువు సరిచేయడాన్ని బ్యాలెన్సింగు అంటారు, అప్పుడు రిమ్ము లోపలి వైపు అంటించే చిన్న బిళ్లలే ఈ వెయిట్లు. 5 గ్రాములు, 10 గ్రాముల ముక్కలు పట్టీలా వస్తాయి, వెనక నురుగు టేపు ఉంటుంది. అంతకుముందు వేరే చోట ఎవరో పాత జిగురు మీదే, బ్రేకు దుమ్ము మీదే కొత్తవి అతికించారు. అవి ఎన్నాళ్లుంటాయి? ముందు శుభ్రం చేసుకొస్తే కొత్తవి వేస్తానన్నాడు కుర్రాడు. అరగంట పని అనుకున్నాను, రెండు సాయంత్రాలు పట్టింది.

అల్లాయ్ రిమ్ము అంటే అల్యూమినియమే, కానీ మన చేతికి తగిలేది చాలావరకు అల్యూమినియం కాదు. దాని మీద రంగు, ఆపైన పారదర్శకమైన లాకర్ పూత ఉంటాయి. మీరు కాపాడుకోవాల్సింది ఆ పూతని. అది చిట్లితే నీళ్లు, ఉప్పుగాలి లోపలికి దూరి తెల్లటి దారాల్లా తుప్పు పాకుతుంది. పూత లేని పాలిష్ రిమ్ములూ ఉంటాయి. అనుమానం ఉంటే మెటల్ పాలిష్ చుక్క తెల్లగుడ్డకి రాసి, కనిపించని మూల కొంచెం రుద్దండి. గుడ్డ నల్లబడితే అది బోడి లోహం.

మా తమ్ముడు ఇవేవీ వినే రకం కాదు. "నేను చూస్తా" అని బాత్రూం కడిగే యాసిడ్ తెచ్చి వెనక కుడి చక్రానికి పోశాడు. జిగురు కదల్లేదు. రిమ్ము మీద మాత్రం బొల్లిలా తెల్లమచ్చ పడింది, ఇప్పటికీ ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, జిగురు మీద కోపం రిమ్ము మీద చూపించాడు. చాకలి సోడా కూడా అంతే. సత్తుగిన్నెలో సోడా వేసి మరిగిస్తే గిన్నె నల్లబడటం చూసే ఉంటారు. అల్యూమినియానికి ఆమ్లమూ పడదు, క్షారమూ పడదు. థిన్నరు, అసిటోన్ అయితే జిగురుతో పాటు లాకర్‌నీ మెత్తబరుస్తాయి. బ్లేడు, స్టీలు పీచు, పచ్చ స్క్రబ్బరు, వైరు బ్రష్షు వద్దే వద్దు. పెట్రోలు సంగతి వేరే చెప్పాలా? దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు.

చక్రం విప్పి చేయడమే మేలు. లోపలి భాగం అందుతుంది, బ్రేకు డిస్కు మీద నూనె పడే భయమూ ఉండదు. డిస్కుకి నూనె అంటితే బ్రేకు పట్టదు, అది ఆషామాషీ కాదు. బండి సమతలమైన గట్టి నేల మీద ఆపి, హ్యాండు బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నట్లు కొంచెం వదులు చేశాకే జాకీ ఎత్తండి. నేనైతే వెంటనే స్టెప్నీ బిగించి బండి కిందికి దించేస్తాను. జాకీ మీద బండిని గంటలకొద్దీ వదిలేసి పక్కన కూర్చోవడం నావల్ల కాదు.

ముందు షాంపూ నీళ్లతో కడగండి. ఇసుక ఉండగా రుద్దితే గీతలు మీరే గీసినట్టు. ఆరాక నీడలో, చక్రం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మా దగ్గర మేలో మధ్యాహ్నం రిమ్ము చెయ్యి పెట్టనివ్వదు. అంత వేడిలో స్పిరిట్ పోస్తే పని చేయకముందే ఎగిరిపోతుంది.

మొదట హెయిర్ డ్రయ్యరుతో జిగురు మీద ఒకటి రెండు నిమిషాలు వేడిగాలి పట్టండి, ఒకచోటే ఆపకుండా. వేలు పెడితే ఓర్చుకునేంత వేడి చాలు. గడువు తీరిన ఏటీఎం కార్డు అంచుని వాలుగా పెట్టి నెట్టండి. నురుగు పైపొర చింపుకుంటూ లేస్తుంది, కింద పసుపుపచ్చటి సన్నపొర మిగులుతుంది. దాన్ని బొటనవేలితో ఒకే వైపుకి దొర్లిస్తే చీమిడి ఉండల్లా చుట్టుకుని వస్తుంది. నాకైతే సగం జిగురు ఏ మందూ లేకుండా ఇలాగే వచ్చింది.

రాని దానికి కొబ్బరి నూనె. దూది తడిపి జిగురు మీద అతికించి, పైన ప్లాస్టిక్ కవరు కప్పి గంటసేపు వదిలేయండి. నెమ్మదే కానీ లాకర్‌కి హాని లేదు. ఇంకా మొండికేస్తే కిరసనాయిలు, డబ్ల్యూడీ-40 (తుప్పు పట్టిన నట్లు వదులు చేసే స్ప్రే) లాంటివి గుడ్డకి పట్టించి తుడవండి, చక్రం మీద పోయకండి. టైరు రబ్బరుకి తగలనివ్వకండి, కిరసనాయిలుకి రబ్బరు ఉబ్బుతుంది. డ్రయ్యరు అప్పటికే పక్కన పెట్టేసి ఉండాలి, పొయ్యి, అగరుబత్తి దరిదాపుల్లో ఉండకూడదు. ఏది వాడినా ముందు స్పోకు వెనక కనిపించని చోట రాసి అయిదు నిమిషాలు చూడండి. గుడ్డకి రిమ్ము రంగు దిగిందా, అది మీ రిమ్ముకి పనికిరాదు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

చివర్లో స్పిరిట్. ఇది మా షాపు సరుకు కాబట్టి ఒక మాట: ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని రాసున్న సీసా అడగండి. గాజు మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి, జిడ్డు మరక మిగలకపోతే మంచిది. శానిటైజరు జెల్ వద్దు, అందులోని జిగట అక్కడే ఉండిపోతుంది. నూనె అంతా షాంపూతో కడిగేసి, ఆరాక, స్పిరిట్ గుడ్డతో రెండుసార్లు తుడవండి. ఈ గుడ్డలూ దూదీ ఉండచుట్టి మూల పడేయకుండా ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

రిమ్ము అంచుకి వేసే మెరుపు టేపుకీ ఇదే పద్ధతి. ఎండకి ఎండిన టేపు ముక్కలు ముక్కలుగా తెగుతుంది, వేడిగాలి పెడుతూ సాగదీస్తూ లాగితే కొంత నయం. షాపుల్లో డ్రిల్లుకి తగిలించే రబ్బరు చక్రం ఉంటుంది. మందపాటి జిగురుని తినేస్తుంది నిజమే, కానీ వేగం ఎక్కువైతే లాకర్ కాలుతుంది. చెయ్యి తిరిగినవాడు చేస్తేనే.

చక్రం మళ్లీ బిగించేటప్పుడు నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెం బిగించండి. ఎంత బలంతో అన్నది మీ బండి పుస్తకంలో ఉంటుంది. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూడండి.

వెయిట్లు లేవు కాబట్టి పాతపట్నం దాకా మెల్లగా వెళ్లాను. కుర్రాడు రిమ్ము లోపల వేలు రాసి చూసి నవ్వాడు. అంటించే ముందు నా ఎదురుగా ఇంకోసారి స్పిరిట్‌తో తుడవమన్నాను, వెయిట్ మీద బొటనవేలు గట్టిగా నొక్కి పట్టమన్నాను. సీసా అక్కడే మర్చిపోయి వచ్చాను. మరుసటి వారం వెళ్తే అది బ్యాలెన్సింగు మిషను పక్కనే ఉంది, సగానికి దిగింది.