చైనాకు బయల్దేరుతున్నారా? గూగుల్ లేకుండా నడిచేలా ఫోన్‌ను ఇక్కడే సిద్ధం చేసుకోండి

ఎంబీబీఎస్‌కు వెళ్లే విద్యార్థులకైనా, గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ అనే వాణిజ్య మేళాకు వెళ్లే వ్యాపారులకైనా చైనాలో దిగగానే ఎదురయ్యే చిక్కు ఒకటే: అక్కడి నెట్‌లో గూగుల్ సెర్చ్, జీమెయిల్, మ్యాప్స్, ప్లే స్టోర్ ఏవీ తెరుచుకోవు. 2006లో గూగుల్ అక్కడి ప్రభుత్వ షరతులకు ఒప్పుకుని, కొన్ని ఫలితాలు తీసేసి, తీసేశామని పేజీ అడుగున చెబుతూ సెర్చ్ నడిపింది. తన మీద సైబర్ దాడి జరిగిందనీ, అది ప్రధానంగా చైనా మానవ హక్కుల కార్యకర్తల జీమెయిల్ ఖాతాల కోసమనీ 2010 జనవరి 12న ప్రకటించి, ఇక సెన్సార్ చేయనంది. మార్చి 22న సెర్చ్‌ను హాంకాంగ్‌కు మళ్లించింది. 2014 చివరికల్లా జీమెయిల్ కూడా పూర్తిగా మూతపడింది.

అక్కడ అడ్డుపడేది ఫోన్‌కు కాదు, నెట్ వెళ్లే దారికి. మన సిమ్‌లో అంతర్జాతీయ రోమింగ్ ఉంటే డేటా ముందు మన ఆపరేటర్ దగ్గరకు వచ్చి, ఆ తర్వాతే ఇంటర్నెట్‌లోకి వెళ్తుంది. కాబట్టి గూగుల్, వాట్సాప్ మామూలుగానే నడుస్తాయి. హోటల్ వైఫైకి కలిపారంటే ఆగిపోతాయి. ఇందాకటి దాకా పనిచేసిన యాప్ ఉన్నట్టుండి కదలకపోతే ముందు వైఫై ఆపి చూడండి. నెలల తరబడి ఉండేవాళ్లు డేటాకు అక్కడి సిమ్ తీసుకుని, ఓటీపీల కోసం మన సిమ్‌ను రెండో స్లాట్‌లో రీచార్జ్‌తో బతికించుకోవాలి. ఈ అడ్డును దాటించే వీపీఎన్ యాప్‌లలో అనుమతి లేనివి వాడటం చైనా నిబంధనలకు విరుద్ధం. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు వాటి మీద ఆధారపడకపోవడమే మంచిది.

జీమెయిల్ పని కంప్యూటర్‌లో చేసుకోండి. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్ విభాగం తెరిచి, మెయిళ్లు చేరాల్సిన అవుట్‌లుక్ (మైక్రోసాఫ్ట్ మెయిల్) చిరునామా ఇవ్వండి. దానికి వచ్చిన కోడ్‌తో నిర్ధారించండి. తర్వాత ఫార్వర్డింగ్ ఆన్ చేసి, సేవ్ నొక్కాలి. కోడ్ ఇచ్చాక పని అయిపోయిందనుకుని ఈ చివరి మెట్టు వదిలేస్తే ఒక్క మెయిలూ రాదు. ఓటీపీ రాకపోయినా లాగిన్ అయ్యేందుకు గూగుల్ ఖాతా ఇచ్చే 10 బ్యాకప్ కోడ్లను కాగితం మీద రాసుకోండి. లాగిన్ కోడ్లు చూపే అథెంటికేటర్ యాప్‌కు నెట్ అక్కర్లేదు కాబట్టి అది అక్కడా పనిచేస్తుంది.

చాలామంది మరిచిపోయేది ‘గూగుల్‌తో లాగిన్’ బటన్. యూనివర్సిటీ పోర్టల్ గానీ, బ్యాంకు గానీ, మరే సైటు గానీ అలా తెరుస్తుంటే, దానికి విడిగా పాస్‌వర్డ్ పెట్టుకోండి. ‘నేను రోబోను కాదు’ అనే పెట్టె కూడా చాలా సైట్లలో గూగుల్ నుంచే వస్తుంది. అది లోడ్ కాకపోతే ఫారం ముందుకు కదలదు. అలాంటి దరఖాస్తులు ఉంటే ఇక్కడే ముగించండి.

అనువాద యాప్‌లో సరళ చైనీస్, తెలుగు, ఇంగ్లీష్ ప్యాకులు దించుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పరీక్షించండి. రోమింగ్‌లో గూగుల్ మ్యాప్స్ తెరుచుకున్నా నమ్మకండి: చైనా పటాలకు స్థానాన్ని అంకెల్లో గుర్తించే (కోఆర్డినేట్) పద్ధతి వేరే ఉంది, అందుకే మీరున్న చుక్క వందల మీటర్లు పక్కకు జరిగి కనిపించవచ్చు. ఐఫోన్‌లో ఆపిల్ మ్యాప్స్ నయం. హాస్టల్, హోటల్, ఆసుపత్రి చిరునామాలు చైనీస్ లిపిలో ఫొటోలుగా దాచుకోండి. ట్యాక్సీ డ్రైవరుకు చూపిస్తే చాలు.

ఇంటికి మాట్లాడటం దగ్గరే అసలు ముడి. అక్కడి నెట్‌లో వాట్సాప్ నడవదు, చైనావాళ్లు వాడే మెసేజింగ్ యాప్ వీచాట్‌ను 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించింది. ఇద్దరి వైపూ తెరుచుకునేది కావాలి. మైక్రోసాఫ్ట్ టీమ్స్ సాధారణంగా నడుస్తుంది. అమ్మానాన్నల ఫోన్‌లో దాన్ని వేసి, ఒకసారి వీడియో కాల్ చేయించి చూడండి.

కార్డుకు అంతర్జాతీయ వాడకం బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోండి. సెర్చ్‌కు మైక్రోసాఫ్ట్ బింగ్ తెరుచుకుంటుంది గానీ, అక్కడి బింగ్ ఫలితాలూ వడకట్టినవే. పరిశోధన పత్రాలు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు, గూగుల్ డ్రైవ్‌లో ఉన్న సర్టిఫికెట్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. బయల్దేరే ముందు ఒక సాయంత్రమంతా గూగుల్ యాప్‌లు ముట్టకుండా ఫోన్ వాడితే, ఇంకా ఏది మిగిలిపోయిందో అప్పుడే బయటపడుతుంది.