పాలెట్ నైఫ్‌తో ఐర్లండ్ పొలాల చిత్రం ఎలా వేయాలి? లెటీషియా హామిల్టన్ దారిలో

ఐర్లండ్ అనగానే చాలామందికి సముద్రపు కొండచరియలే గుర్తొస్తాయి. ఐరిష్ చిత్రకారిణి లెటీషియా హామిల్టన్ (1878–1964) మనసు మాత్రం మీత్ కౌంటీ పచ్చిక నేలల మీదే ఉండేది. ఆ కౌంటీలోనే డన్‌బోయిన్ ఊరి దగ్గర హామ్‌వుడ్ అనే ఇంట్లో పుట్టారు. డబ్లిన్‌లో చిత్రకారుడు విలియం ఆర్పెన్ దగ్గర, తర్వాత మరో చిత్రకారుడు ఫ్రాంక్ బ్రాంగ్విన్ దగ్గర నేర్చుకున్నారు. వెనిస్ వెళ్లి అక్కడి కాలువల చిత్రాలూ వేశారు. కానీ 1948 లండన్ ఒలింపిక్స్ కళల పోటీల్లో ఆమెకు కాంస్య పతకం తెచ్చిపెట్టింది సొంత కౌంటీ గుర్రప్పందేల చిత్రమే. అప్పటికి ఆమెకు 70 ఏళ్లు. ఊరి చుట్టుపక్కలే తిరుగుతూ ఇంత గొప్ప పని చేయొచ్చని చూపించిన ఆమె పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఆ దారిలోనే పాలెట్ నైఫ్‌తో, అంటే రంగు పూసే చిన్న తాపీ లాంటి పరికరంతో, ఒక పొలం చిత్రం వేద్దాం.

1. చోటు ఎంచుకోండి

డబ్లిన్‌లో ఉండే తెలుగువాళ్లకు డన్‌బోయిన్ రైల్లో వెళ్లి రాగలిగే దూరమే. మిగతావాళ్లు ఫోటో చూసి వేయొచ్చు. కొండలూ కోటలూ వెతక్కండి. ఒక పొలం, దాని చుట్టూ ముళ్లపొదల కంచె, పైన మబ్బులు చాలు. నేల చదునుగా ఉంటుంది కాబట్టి దిగంతాన్ని బోర్డు మీద కింది మూడోవంతులో పెట్టండి. మిగతాదంతా ఆకాశానికే.

2. సామాను

చిన్న కాన్వాస్ బోర్డు తీసుకోండి, 10×12 అంగుళాలైతే బాగుంటుంది. చట్రానికి బిగించిన కాన్వాస్ అయితే నైఫ్ ఒత్తిడికి లోపలికి పోతుంది, బోర్డు పోదు. మెడ వంగి, మొన సన్నగా ఉన్న పాలెట్ నైఫ్ (దీన్నే పెయింటింగ్ నైఫ్ అనీ అంటారు) ఒకటి, పాత నూలు గుడ్డలు బోలెడు. ఆయిల్ రంగుల్లో తెలుపు పెద్ద ట్యూబు కొనండి. అల్ట్రామెరైన్ నీలం, లెమన్ ఎల్లో, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), ఏదో ఒక ఎరుపు ఉంటే సరిపోతుంది.

ట్యూబులో వచ్చే ఆకుపచ్చ మాత్రం వద్దు. నీలం, పసుపు కలుపుకుంటూ పోతే ఒక్కో పొలానికి ఒక్కో పచ్చదనం వస్తుంది. దూరపు పొలానికి తెలుపు, కొద్దిగా నీలం చేర్చండి. కంచె నీడకు సియెన్నా కలపండి.

3. వెలుగు ఎక్కడో ముందే తేల్చుకోండి

ఇదే అసలు కష్టం. అట్లాంటిక్ నుంచి మబ్బులు ఆగకుండా వస్తూనే ఉంటాయి. ఇప్పుడు ఎండలో మెరిసిన పొలం కాసేపట్లో నీడలోకి వెళ్లిపోతుంది. ఎండ ఏ పొలం మీద పడాలో మొదట్లోనే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత ఎదుట ఎంత మారినా ఆ గుర్తును మార్చకండి. వెలుగు వెంట పరిగెత్తితే బోర్డంతా ఒకే బూడిద రంగైపోతుంది.

4. ఆకాశం, తర్వాత నేల

మేస్త్రీ తాపీతో గచ్చు పూసినట్టు నైఫ్ వీపుతో రంగును పరచండి. మబ్బులకు ఉత్త తెలుపు వాడకండి. కొంచెం ఓకర్ కలిపితే మీగడ రంగు వస్తుంది, మబ్బు అడుగుకు నీలం, సియెన్నా కలిపిన బూడిద రంగు. ఒక్కో గీత తర్వాత నైఫ్‌ను గుడ్డతో పూర్తిగా తుడవాలి. తుడవకపోతే ఆకాశపు నీలం పొలంలోకి దిగి పచ్చదనం మురికిగా మారుతుంది. వేసిన గీత మీద మళ్లీ మళ్లీ రుద్దకండి. గట్టులా లేచిన ఆ అంచే వెలుగును పట్టుకుంటుంది.

కంచెలను నైఫ్ అంచుతో గీయండి. అడ్డంగా మూడు నాలుగు ముదురు గీతలు, ఒకదాని వెనక ఒకటి, దూరం పోయేకొద్దీ సన్నగా, పాలిపోయినట్టుగా ఉండాలి. మే నెల దృశ్యమైతే కంచెల్లోని హాథార్న్ అనే ముళ్లపొదలు తెల్లగా పూసి ఉంటాయి. నైఫ్ మొనతో అక్కడక్కడ తెలుపు చుక్కలు అద్దండి.

5. మనుషులు, గుర్రాలు

ముఖాలు వద్దు. గుర్రానికి గోధుమరంగులో ఒక ఒత్తు, రౌతు కోటుకు ఎరుపు చుక్క ఒకటి. పచ్చని నేలలో ఆ ఒక్క ఎరుపుకు చిత్రమంతా కదులుతుంది.

6. ఆరబెట్టడం

మందంగా వేసిన ఆయిల్ రంగు పైపైన ఆరడానికే వారాలు పడుతుంది. దుమ్ము పడని చోట, గాలి తగిలేలా పెట్టండి. వార్నిష్ వేయడానికి కనీసం ఆరు నెలలు ఆగండి, రంగు మరీ మందంగా ఉంటే ఏడాది. బోర్డు వెనక తేదీ, వేళ, ఆకాశం ఎలా ఉందో రాసి, అదే పొలాన్ని సాయంత్రం వెలుగులో ఇంకో బోర్డు మీద వేయండి.