ఉగాది దాటాక ఉమ్మడి తోటలో చెయ్యి పెట్టేముందు

ఒంగోలులో మా కాలనీ వెనక ఖాళీ స్థలంలో ఏడిళ్ల వాళ్లం కలిసి కూరగాయలు వేసుకుంటున్నాం. సంక్రాంతి నుంచి ఎవరి పనుల్లో వాళ్లుండి తోట మొహం సరిగా చూడలేదు, ఇప్పుడు పండగ అవగానే బెండ, గోరుచిక్కుడు, దోస పెడదామని అందరూ ఒకేసారి దిగుతారు. నాకు భయం ఆ మొదటి వారం గురించే.

ముందు ఆకుల కుప్ప సంగతి. వేపచెట్టు రాల్చిన ఆకంతా ఊడ్చి ఎరువవుతుందని మూలన పోస్తాం కదా, ఎండ ముదిరేకొద్దీ ఆ చల్లదనానికి ఎలుకలు చేరతాయి, వాటి వెనకే పాములు. రక్తపింజర ఎండుటాకుల్లో కలిసిపోతుంది, అడుగు దూరంలో ఉన్నా కనపడదు. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినపడితే మెల్లగా వెనక్కి రండి. కుప్పని చేత్తో ముట్టుకోకుండా పొడవాటి కర్రతో కదిలించి, కాసేపు ఆగి, అప్పుడు పారతో లాగండి. పోయినేడు నేను పగిలిన కుండీ ఒకటి ఎత్తితే అడుగున తేలు తోక మడుచుకుని అతుక్కుని ఉంది, నా చూపుడు వేలికి రెండంగుళాల దూరంలో. అప్పటి నుంచి ఏ కుండీనైనా ముందు కర్రతో ఒరగదోసి చూశాకే పట్టుకుంటున్నా.

పాము కాటేస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏవీ వద్దు. ఉంగరాలు, మెట్టెలు తీసేసి, నడిపించకుండా, కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే విరుగుడు ఇంజెక్షన్, కాబట్టి పామును వెతికి చంపుతూ టైం పోగొట్టొద్దు. కట్లపాము కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు, కొన్ని గంటలకు రెప్పలు వాలిపోతాయి. పిల్లలకు తేలు కుడితే కూడా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.

ఇక మోటారు. పదిమంది చేతులు పడే చోట దీనికే నాకు ఎక్కువ టెన్షన్. ఒకరు వైరు జాయింట్ సరిచేస్తుంటే ఇంకొకరు వచ్చి, నీళ్లు రావట్లేదేంటి అనుకుని స్విచ్ వేస్తారు. మా దగ్గర నిజంగానే జరిగింది, జాయింట్ సరిచేస్తున్నాయన వైరు పట్టుకోబోయే క్షణంలో మోటారు మోగింది. ఇప్పుడు మా పద్ధతి ఒక్కటే: పని చేసేవాళ్లు ఫ్యూజు పీకి తమ జేబులోనే వేసుకోవాలి. ఎలుక కొరికిన వైరుకు టేపు చుట్టి సరిపెట్టకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ కూడా చూపించండి, ఏడిళ్లకు పంచితే ఎంతవుతుంది?

మొక్కలకు ఎవరు పురుగుమందు కొట్టినా అదే రోజు గ్రూపులో చెప్పాలి, ఎందుకంటే పక్కింటి పాప పచ్చి బెండకాయ తుంచుకుని తినేస్తుంది. పొలంలో మిగిలిందని మోనోక్రోటోఫాస్ పురుగుమందు తేవొద్దు, కూరగాయల మీద అది నిషేధం. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడితే పేనుబంకకు చాలావరకు చాలు. మిగిలిన మందు కూల్‌డ్రింక్ సీసాలో మాత్రం పొయ్యకండి.

నీళ్ల డ్రమ్ముకు మూత, వారానికోసారి కడగడం. పొద్దున పది దాటితే పారలు పక్కన పెట్టేయండి. ఎండలో ఎవరికైనా మాట తడబడితే నీడకు తెచ్చి ఒళ్లంతా తడిపి, విసురుతూ 108కి చెప్పండి.

మేం ఈ ఆదివారం పొద్దున ఆరింటికి కుప్పతో మొదలుపెడుతున్నాం. కర్రలు, పార నేను తెస్తాను, బూట్లు ఎవరివి వాళ్లు, పిల్లలు ఆ పూట ఇంట్లోనే.